80కి 26 వస్తే మనసు లేనట్టా?

ప్రశ్న: ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయికి ఆన్‌లైన్ ఎంపతీ పరీక్షలో 80కి 26 వచ్చాయి. వాడికి జాలి లేదనా అర్థం?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: కాదమ్మా. 80 మార్కుల ఆ ప్రశ్నావళిని సైమన్ బారన్-కోహెన్, శాలీ వీల్‌రైట్ కేంబ్రిడ్జ్‌లో రూపొందించి 2004లో ప్రచురించారు. అందులోని 60 వాక్యాల్లో 40కే మార్కులు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు కాబట్టే తగ్గిందనీ అనుకోకండి. యంత్రాలు, వ్యవస్థల మీద ఆసక్తిని కొలిచేది వేరే ప్రశ్నావళి. అందులో ఎక్కువ వచ్చినంత మాత్రాన ఇందులో తగ్గి తీరాలని లేదు. ఎంపతీ పరీక్షలో 30 లోపు స్కోరు ఆటిజం ఉన్న పెద్దల్లో ఎక్కువగా కనిపించింది. అయితే ఆటిజం లేనివారిలోనూ కొందరికి వచ్చింది. కాబట్టి ఇది రోగనిర్ధారణ కాదు.

పైగా ఇవన్నీ తన గురించి తాను చెప్పుకున్న జవాబులు. ఎదుటివారి మనసులో ఏముందో పసిగట్టడం వేరు, వాళ్ల బాధకు కరగడం వేరు. మొదటిదానిలో తడబడే పిల్లల్లో రెండోది నిండుగా ఉండొచ్చు. మీకు జ్వరమొచ్చినప్పుడు వాడేం చేస్తాడో చూడండి. చిన్నప్పటినుంచీ స్నేహాలు కష్టమవుతుంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ఆ 26ను మాత్రం వాడి ముందు ఎత్తిపొడవకండి.