అంబులెన్సు వచ్చేలోగా

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని పెద్దలు ఊరికే అనలేదు. ప్రథమ చికిత్స విషయంలో మన చదువుకున్న వాళ్ల పరిస్థితి సరిగ్గా అదే. ఎవరి సంగతో ఎందుకు, నా సంగతే చెబుతాను.

ఎల్.బి.నగర్‌లో ఉండే నాకు రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు మారడం అలవాటు. ఒక సాయంత్రం అక్కడ మెట్రో వంతెన కింద, నా ముందు నడుస్తున్న ఒక పెద్దాయన ఉన్నట్టుండి కూలిపోయాడు. కాళ్లూ చేతులూ కొద్దిగా కొట్టుకున్నాయి. క్షణంలో జనం మూగారు. "ఫిట్స్ వచ్చినయ్, చేతిల తాళాలు పెట్టుండ్రి" అన్నాడొకాయన. మరొకాయన ముఖాన నీళ్లు చల్లి, నోట్లో కూడా పోయబోయాడు. ఇంతలో గురకలాంటి శబ్దం రెండు మూడుసార్లు వినిపించింది. "ఊపిరి ఆడుతోంది, భయం లేదు" అని అందరితోపాటు నేనూ ధైర్యపడ్డాను.

108కి ఫోన్ చేసింది నేనే. "ఎక్కడున్నారు?" అని అడిగితే "దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు" అన్నాను. మలక్‌పేట వైపా, కొత్తపేట వైపా, రోడ్డుకు ఏ పక్క? రోజూ తిరిగే చోటే అయినా చెప్పలేక తడబడ్డాను. చివరికి అంబులెన్సు వచ్చింది, తీసుకుపోయింది. మూడో రోజు అక్కడి పండ్లబండి అతన్ని అడిగాను. "ఆయన బతకలే తమ్మీ" అన్నాడు.

కొన్నాళ్లకు ఒక శిక్షణ శిబిరంలో ఈ సంగతంతా చెప్పాను. డాక్టరు గారు కాసేపు ఆగి, "అది ఊపిరి కాదయ్యా, ఎగశ్వాస. గుండె ఆగిన కొత్తలో కొందరికి అలా వస్తుంది. చేతులూ కాళ్లూ కొట్టుకోవడమూ ఉంటుంది. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మిత్రులారా, ఆ రోజు నేర్చుకున్నది మీ ముందుంచుతున్నాను.

మొదటిది, కబురు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. అంబులెన్సుకు డబ్బు కట్టనక్కర లేదు. 112కి చేసినా సహాయం అందుతుంది. చోటు స్పష్టంగా చెప్పాలి. మూసారాంబాగ్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్తంభాలకు నంబర్లున్నాయి. దగ్గరి స్టేషను పేరు, స్తంభం నంబరు, రోడ్డుకు ఏ పక్క అనే మూడు ముక్కలు చాలు. అవతలివారు పెట్టమనే దాకా ఫోన్ పెట్టేయకూడదు.

రెండోది, గుండె. గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. సాయంత్రం మన రోడ్డు మీద అంబులెన్సు అంతలో చేరడం కష్టం. పడిపోయిన మనిషిని భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకక, శ్వాస మామూలుగా లేకపోతే, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ నడుమ ఒక అరచేతి మీద మరో అరచెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, సుమారు రెండంగుళాలు దిగేలా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారితే అలసట ఉండదు. అంబులెన్సు వారు వచ్చేదాకా ఆపవద్దు.

మూడోది, రక్తం. విజయవాడ రోడ్డూ, సాగర్ రోడ్డూ వచ్చి కలిసే ఎల్.బి.నగర్‌లో వాహనాల రద్దీ ఎంతో మీకు తెలుసు. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. తగ్గిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. గుచ్చుకున్న వస్తువును లాగకండి. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే, అక్కడే ఉంటే ప్రమాదమైతే తప్ప మనిషిని కదపకండి.

నాలుగోది, నిజంగానే ఫిట్స్ అయితే. చుట్టూ ఉన్న వస్తువులు తీసేసి, తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. తాళాలతో ఒరిగేదేమీ లేదు. కుదుపులు ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలకూ ఆగకపోతే 108. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందేమో" అని వెనకాడేవారున్నారు. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకున్నవారికి రక్షణగా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షను చేరింది. సదుద్దేశంతో సాయపడినవారిని బాధ్యులను చేయరాదు, వారి పేరు చెప్పమని బలవంతం చేయరాదు.

మనవాళ్లకు మనసు లేదనుకోను. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలినప్పుడు, గాయపడ్డవారిని ఆసుపత్రులకు చేర్చడానికి అక్కడున్న జనమే ముందుకు వచ్చారు. నా ముందు ఆ పెద్దాయన చుట్టూ మూగినవాళ్లూ అలాంటివాళ్లే. మా అందరికీ సాయం చేయాలనే ఉంది, ఎలాగో ఒక్కరికీ తెలియదు.

అందుకే మన యూనియనుకు నా మనవి ఒకటే. కొత్త సంవత్సరంలో ప్రతి తరగతికీ ఒక పూట ఈ శిక్షణ ఇప్పించండి. మొదటి వరసలో నేను కూర్చుంటాను. ఆ పెద్దాయన పేరైనా నాకు తెలియదు. ఆయనకు చేయలేకపోయింది రేపు మరొకరికైనా చేయాలి.