రిటర్న్ వచ్చిన సరుకు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ పూర్తిచేశాను. శంషాబాద్ దగ్గర ఒక గోడౌన్‌లో రిటర్న్స్ తనిఖీ టెక్నీషియన్‌గా రమ్మంటున్నారు. అక్కడ రిపేరు పని వస్తుందా?
- ఒక పాఠకుడు, షాద్‌నగర్

సమాధానం: రిపేరు తక్కువ, తేల్చి చెప్పే పని ఎక్కువ. ఫోను చేతికి రాగానే అది అమ్మిన ఫోనేనా అన్నది చూడాలి. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. అది పెట్టె మీది నంబరుతోనూ బిల్లుతోనూ కలవాలి. కలవకపోతే అక్కడే ఆపి పైవాళ్లకు చెప్పాలి. కలిస్తే తెర, కెమెరా, స్పీకరు, ఛార్జింగ్ పోర్టు వరసగా చూడాలి. చాలా ఫోన్లలో సిమ్ ట్రే లోపల చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది. నీళ్లు తగిలితే అది ఎర్రబడుతుంది. చివరికి గ్రేడు వేయాలి: కొత్తదిగా అమ్మవచ్చా, ఓపెన్ బాక్స్ కింద ధర తగ్గించాలా, బాగుచేయించాలా, తయారీ కంపెనీకి తిప్పి పంపాలా, తుక్కులో వేయాలా. సోల్డరింగ్ నేర్చుకోవాలంటే రిపేరు విభాగం అడగండి. లోపం పట్టే చూపు మాత్రం ఇక్కడే అలవడుతుంది.

ప్రశ్న: ‘పనిచేయడం లేదు’ అని వచ్చిన మిక్సీ నా బల్ల మీద చక్కగా తిరిగింది. కస్టమర్ మోసం చేశాడని రాయవచ్చా?
- ఒక టెక్నీషియన్, మేడ్చల్

సమాధానం: రాయకండి. చాలా మిక్సీలకు అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. పప్పు ఎక్కువ వేసి ఆపకుండా రుబ్బితే మోటారు మీద లోడు పెరిగి అది ట్రిప్ అవుతుంది. చల్లారాక ఆ బటన్ నొక్కితేగానీ మిక్సీ తిరగదు. ఈ సంగతి తెలియక పాడైందనుకుని పంపేసేవాళ్లుంటారు. పైగా కొన్ని లోపాలు వేడెక్కాకే బయటపడతాయి. ఖాళీ జారు కాసేపు తిప్పి ‘బాగుంది’ అంటే తనిఖీ కాదు. జారులో నీళ్లు పోసి అన్ని స్పీడ్లలోనూ నడిపి చూడండి. అప్పటికీ ఏమీ దొరక్కపోతే, చేసిన పరీక్షలు రాసి, ‘లోపం కనబడలేదు’ అనండి. మన తీర్పు వస్తువు మీదే, మనిషి మీద కాదు.

ప్రశ్న: ఫోన్లలో పాత ఫొటోలు, ఖాతాలు అలాగే ఉంటున్నాయి. బ్యాటరీ ఉబ్బినవీ వస్తున్నాయి. ఏం చేయాలి?
- ఒక ఉద్యోగిని, విజయవాడ

సమాధానం: గ్యాలరీ జోలికి వెళ్లకండమ్మా. కెమెరా పరీక్షకు మీరు అప్పటికప్పుడు తీసే ఫొటో చాలు. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ ఖాతా తీయకుండా రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే, మళ్లీ పాత ఖాతా వివరాలు అడిగి ఆగిపోతుంది. అలాంటిదాన్ని అమ్మకానికి పంపకుండా పక్కన పెట్టండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. అట్టపెట్టెలకు దూరంగా ఇసుక పోసిన ఇనుప డబ్బాలో ఉంచి వెంటనే సూపర్‌వైజరుకు చెప్పండి. దాన్ని మామూలు చెత్తలో పడేయకూడదు; 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రీసైక్లింగ్‌కు పంపాలి.

వస్తువులు వాపసు పంపే పాఠకులకూ ఒక మాట. ఫోనైతే ఖాతా తొలగించండి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి, ఛార్జరు కలిపి పంపండి. కారణం దగ్గర ‘పనిచేయడం లేదు’ అని కాకుండా ‘పది నిమిషాలకు వేడెక్కి ఆగిపోతోంది’ అన్నట్టు వివరంగా రాయండి. అసలు లోపం అప్పుడే దొరుకుతుంది.