కణం పైపొరను చూపే ఫోటోఎలక్ట్రాన్ మైక్రోస్కోప్

రాత్రిపూట కొండ మీద నిలబడి కింద ఉన్న ఊరిని చూస్తే వీధులు, కూడళ్లు, ఖాళీ స్థలాలు అన్నీ పోల్చుకోవచ్చు. మనం టార్చిలైటు వేసి వెతకనక్కర్లేదు. ఊళ్లో వెలిగే దీపాలే ఊరి రూపాన్ని మనకు చెబుతాయి. ఫోటోఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ జీవకణాన్ని చూసే తీరు కూడా ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ కణం నుంచి బయటికి వచ్చేది కాంతి కాదు, ఎలక్ట్రాన్లు.

పైపొర ఎందుకంత ముఖ్యం?

మన శరీరంలోని ప్రతి కణాన్నీ ఒక పలుచటి త్వచం కప్పి ఉంచుతుంది. రెండు వరసల కొవ్వు అణువులతో ఏర్పడిన ఈ త్వచం మందం దాదాపు 5 నానోమీటర్లు. హార్మోన్ వచ్చి అతుక్కునేది, వైరస్ లోపలికి దారి వెతుక్కునేది, అనేక మందులు పనిచేసేది ఇక్కడే. అందుకే ఈ పొర మీద ఏ ప్రోటీన్ ఎక్కడ ఉందో తెలుసుకోవడం జీవశాస్త్రానికి అవసరం.

చూడటం మాత్రం సులువు కాదు. మామూలు కాంతి సూక్ష్మదర్శినిలో సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు ఒకటిగా కలిసిపోతాయి. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అంతకంటే ఎంతో సూక్ష్మంగా చూపుతుంది. అయితే అందులో పెట్టే జీవ నమూనాపై విద్యుదావేశం పేరుకోకుండా సాధారణంగా పలుచటి లోహపు పూత వేస్తారు. అప్పుడు మనకు కనబడేది చాలావరకు ఆ పూత ఆకారమే. దాని కింద ఏ పదార్థం ఉందో తెలిపే ఆనవాళ్లు మరుగున పడతాయి.

ఎలా పనిచేస్తుంది?

దీని మూలసూత్రం మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్న కాంతి విద్యుత్ ఫలితమే. 1887లో హెర్ట్జ్ గమనించిన ఈ ఫలితాన్ని 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఒక ఫోటాన్ తన శక్తినంతా ఒక ఎలక్ట్రాన్‌కు ఇస్తుంది. ఆ శక్తి చాలినంత ఉంటేనే ఎలక్ట్రాన్ పదార్థాన్ని వదిలి బయటికి రాగలదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 550 నానోమీటర్ల పచ్చని కాంతికి ఇది సుమారు 2.25. 200 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి 6.2. జీవ పదార్థాల నుంచి ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సుమారు 5 నుంచి 7 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అందువల్ల పచ్చని కాంతి ఎంత ప్రకాశంగా పడినా ఫలితం ఉండదు. అతినీలలోహిత కాంతి అవసరం.

ఆ కాంతి పడగానే నమూనా నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను బలమైన విద్యుత్ క్షేత్రం ముందుకు లాగుతుంది. ఎలక్ట్రాన్ కటకాలు వాటిని తెర మీద కేంద్రీకరించి, పెద్దదైన ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయి. బిందువు తర్వాత బిందువుగా స్కాన్ చేయనక్కర్లేదు. ప్రతిబింబం మొత్తం ఒకేసారి వస్తుంది.

కాంతి నమూనాలో లోతుకు వెళ్లినా, లోపల పుట్టిన ఎలక్ట్రాన్లు దారిలో ఢీకొని శక్తిని కోల్పోతాయి. పైనున్న కొన్ని నానోమీటర్ల నుంచి మాత్రమే అవి బయటపడతాయి. ఇది దాదాపు కణత్వచం మందంతో సమానమైన కొలత. ఈ పద్ధతి పైపొరకే ప్రత్యేకం కావడానికి కారణం ఇదే.

చిత్రాన్ని చదవడం

1930లలోనే జర్మనీలో ఈ పద్ధతితో లోహపు ఉపరితలాలను చూశారు. దాన్ని జీవ నమూనాల వైపు మళ్లించినవారిలో ప్రముఖుడు అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన హేస్ గ్రిఫిత్. ఆయన బృందం 1972లో ఈ విషయంపై పరిశోధనా పత్రం ప్రచురించింది. ఎలక్ట్రాన్ కటకాల రూపకల్పనలో నిపుణురాలైన భౌతిక శాస్త్రవేత్త గెర్‌ట్రూడ్ రెంప్‌ఫర్ ఆయనతో కలిసి పనిచేసింది. బయటపడే ఎలక్ట్రాన్ల వేగాలు, దిశలు వేర్వేరుగా ఉండటంతో కటకం వాటినన్నిటినీ ఒకే బిందువుకు చేర్చలేదు. ఈ దోషాన్ని ఎలక్ట్రాన్ అద్దంతో సరిదిద్దడంపై ఆమె చేసిన కృషి ముఖ్యమైనది.

చిత్రంలో ఒక చోటు మెరిసిందంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. అక్కడి పదార్థం ఎలక్ట్రాన్లను సులువుగా వదలవచ్చు. ఉదాహరణకు, అమైనో ఆమ్లాల కంటే పత్రహరితం వాటిని తేలిగ్గా వదులుతుంది. లేదా అక్కడ ఎత్తుపల్లాలు ఉండి, విద్యుత్ క్షేత్రం వంగి, ఎలక్ట్రాన్ల దారి మారి ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరు చేయకపోతే గడ్డను చూసి ప్రోటీన్ అని పొరబడే ప్రమాదం ఉంది.

దీనికి ఒక ఉపాయం కనుగొన్నారు. కావలసిన ప్రోటీన్‌కే అతుక్కునే యాంటీబాడీలకు అతి చిన్న బంగారు రేణువులను జోడిస్తారు. కణ పదార్థం కంటే బంగారం ఎక్కువ ఎలక్ట్రాన్లను వెలువరించేలా కాంతిని ఎంచుకుంటే, ఆ రేణువులు చీకట్లో దీపాల్లా కనిపిస్తాయి. కణాల ఉపరితలంపై ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ ఎక్కడెక్కడ ఉందో ఇలాగే గుర్తించారు.

పరిమితి

ఎలక్ట్రాన్లు అడ్డు లేకుండా ప్రయాణించాలంటే శూన్యం కావాలి. శూన్యంలో తడి కణం నిలవదు. కాబట్టి కణాన్ని ముందుగా రసాయనాలతో స్థిరపరచి, ఆరబెట్టాలి. లోహపు పూత అవసరం తప్పింది గానీ, ప్రాణంతో ఉన్న కణాన్ని చూసే వీలు మాత్రం రాలేదు. ఆరబెట్టేటప్పుడు కణం కుంచించుకుపోయే అవకాశమూ ఉంది.

తడి లేని, గట్టి జీవ పదార్థాలకు ఈ ఇబ్బంది తక్కువ. నేడు సింక్రోట్రాన్ కేంద్రాల్లో అతినీలలోహిత కాంతి బదులు ఎక్స్ కిరణాలను వాడి, ముత్యపు చిప్ప లోపలి మెరిసే పొరలో స్ఫటికాలు ఏయే దిశల్లో అమరి ఉన్నాయో ఇదే సూత్రంతో పరిశీలిస్తున్నారు.

ఇకపై ఏదైనా కణం ఎలక్ట్రాన్ చిత్రం మీ కంట పడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎంత లోతు నుంచి వచ్చిన సమాచారం? ఈ వెలుగు పదార్థానిదా, ఆకారానిదా? చిత్రం తీయడానికి ముందు ఆ కణాన్ని ఏం చేశారు? చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా, ఈ మూడింటికీ జవాబు తెలిస్తేనే అది సాక్ష్యంగా నిలుస్తుంది.