గుడారం నీడలో సర్కసు జీవితం

ఊరి వెలుపలి మైదానంలో ఒక రాత్రి వెలసి, కొన్ని వారాల తరువాత మరొక రాత్రి అదృశ్యమయ్యే చిన్న నగరం సర్కసు. డేరా ఎత్తివేసిన తరువాత నేలపై మిగిలిన గుండ్రని జాడ పిల్లల మనస్సులలో చాలాకాలం చెరగదు. చూచినవారి జ్ఞాపకమే ఇట్టిదైతే, ఆ గుడారం క్రింద యౌవనమంతా గడిపినవారి జ్ఞాపకం ఎంత గాఢమైనదో ఊహించవచ్చును. అందులో నిలుపుకోదగినది ఏది, విడువదగినది ఏది అన్నదే ఈ వ్యాస విషయం.

పుట్టుపూర్వోత్తరాలు

ఆధునిక సర్కసుకు మూలపురుషుడు ఫిలిప్ ఆస్ట్లీ. 1768లో ఆయన లండను నగరంలో గుండ్రని బరిలో గుర్రపు స్వారీ ప్రదర్శించాడు. గుర్రం వృత్తాకారంగా పరుగిడుతున్నప్పుడు రౌతు లోపలివైపుకు ఒరిగి, దాని వీపుపై పడిపోకుండా నిలువగలడు. అనుభవంతో స్థిరపడిన 42 అడుగుల వ్యాసమే తరువాత సర్కసు బరికి ప్రమాణమైనది.

మన దేశంలో ఈ కళకు ఆద్యుడు మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే. బొంబాయిలో ఇటలీ దేశపు సర్కసును చూచి, ఆ స్ఫూర్తితో 1880లో 'గ్రేట్ ఇండియన్ సర్కస్' స్థాపించాడు. ఆయన అశ్వశిక్షకుడే కాక సంగీత సాధకుడు కూడా. తన గురువైన గ్వాలియరు గాయకుడు హద్దూఖాన్ కుమారుడు రహమత్ ఖాన్‌ను చేరదీసి, తన బృందంతోపాటు ఊరూరా తిప్పి పోషించాడు.

కేరళలోని తలశ్శేరిలో వ్యాయామ శిక్షకుడైన కీలేరి కుంజికణ్ణన్ 1901లో సర్కసు పాఠశాల నెలకొల్పాడు. నాటినుండి ఆ పట్టణం భారత సర్కసుకు పుట్టినిల్లుగా ప్రసిద్ధి చెందినది. ఆయన శిష్యుడైన కణ్ణన్ బొంబాయో త్రాటిపై విన్యాసాలతో ఐరోపాలో పేరు గడించాడు. మన తెలుగునాట వీరఘట్టంలో జన్మించిన మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడు విజయనగరంలో సర్కసు నడిపి, ఱొమ్ముపై ఏనుగును మోసి, ఊపిరి బిగించి ఇనుప గొలుసును త్రెంచి ప్రజలను ఆశ్చర్యచకితులను చేశాడు. ఆయన 1942లో కీర్తిశేషుడైనాడు.

పని, పరస్పర విశ్వాసం

గుడారంలో శ్రమకు విరామం లేదు. ఉదయం అభ్యాసం, తరువాత ఆటలు, మకాం మారే రాత్రి స్తంభాలు దించడం, త్రాళ్ళు చుట్టడం, సామాను బండ్లకెక్కించడం. ఉయ్యాల విన్యాసంలో ఒకడు మోకాళ్ళతో వ్రేలాడుతూ చేతులు చాచుతాడు; మరొకడు తన ఉయ్యాలను వదిలి గాలిలో ఎగిరి ఆ చేతులను అందుకుంటాడు. అందుకొనేవాని కులమేమిటో, మతమేమిటో ఎగిరేవాడు అడుగడు. క్షణంలో కొద్ది భాగం తప్పినా ప్రమాదమే. అక్కడ తోటివాని నిబ్బరమే ప్రాణాధారం. విశ్రాంత కళాకారులు తలచుకొని పరితపించేది చప్పట్లకొరకే కాదు, ఆ చేతుల పట్టు కొరకు.

1970లో వచ్చిన 'మేరా నామ్ జోకర్' చలనచిత్రానికి కథ సమకూర్చినవాడు ఉర్దూ రచయిత ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. కన్నతల్లి మరణించినా నవ్వించక తప్పని విదూషకుని వేదన అందులో కలదు. ఆ నవ్వు వెనుక కన్నీరున్నదని చెప్పిన ఆ చిత్రం మన జ్ఞాపకానికి కూడా ఒక హెచ్చరిక.

మరచిపోరాని చీకటి

ఎగిరేవాడు ఇష్టపడి ఎగిరాడు. కాని పంజరంలోని పులి ఇష్టపడి నిప్పుల చక్రంలోనుండి దూకలేదు. పేదరికం చేత బాల్యంలోనే డేరాకు చేరిన పిల్లలు వద్దు అనగల స్థితిలో లేరు. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల ప్రదర్శనను నిషేధించినది. సర్కసు యజమానులు దీనిని ఎదిరించగా, 2000లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించినవి. సర్కసులలో బాలలను పనిలో పెట్టుకొనుటను నిషేధించవలసినదిగా 2011లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించినది.

ఈ తీర్పులతోనే సర్కసు క్షీణించినదని కొందరు వాపోతారు. చలనచిత్రాలు, ఇంటింటికీ వచ్చిన టెలివిజను, మైదానాల కొరత, పెరిగిన ఖర్చులు కూడా దానిని కృశింపజేసినవి. నేరమంతా న్యాయస్థానంపై మోపడం సరికాదు. అట్లని జీవనోపాధి పోయిన కళాకారుని దుఃఖాన్ని తేలికగా చూడడమూ తగదు. వృద్ధ సర్కసు కళాకారులకు పింఛను ప్రవేశపెట్టిన కేరళ ప్రభుత్వం ఈ విషయంలో మార్గదర్శకమైనది.

విద్యార్థి మిత్రులారా! గతాన్ని ప్రేమించడం తప్పు కాదు. కాని ఆ గతంలో ఎవరు మనస్ఫూర్తిగా ఆడారో, ఎవరు కొరడాకు వెరచి ఆడారో వేరుచేసి చూడాలి. కొరడాను చరిత్రకు వదలి, గాలిలో ఒకరినొకరు అందుకొన్న ఆ చేతులను మనం గుర్తుంచుకొందము.