ఒక్క చుక్క, రెండు నిమిషాలు

మీ ఇంట్లో కంటి చుక్కలు వాడుతున్న పెద్దవాళ్లు ఉన్నారా? ఉంటే ఈ పూట ఒక పని చేయండి. "మందు సరిగా వేసుకుంటున్నావా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ఎవరైనా "ఆఁ, వేసుకుంటున్నా" అనే అంటారు. వాళ్లు వేసుకునే వేళకు పక్కన కూర్చుని చూడండి. సీసా మూతి రెప్ప వెంట్రుకలకు తగులుతుంది. చుక్క చెంప మీదికి జారుతుంది. పడిందో లేదోనని ఇంకో రెండు చుక్కలు పిండుతారు. కళ్లు టపటపా ఆర్పి, కొంగుతో తుడుచుకుని లేచిపోతారు. ఖరీదు పెట్టి కొన్న మందు నెలల తరబడి ఇలాగే చెంపల పాలవుతుంది.

డాక్టరు చెప్పలేదా అంటే, చెప్పే ఉంటారు. బయట వరండా నిండా రోగులు ఎదురుచూస్తుంటే అర నిమిషంలో నోటిమాటగా చెప్పి ఉంటారు. చుక్క వేసుకోవడం చేతిపని. వరినాట్లు వేయడం ఉపన్యాసం విని ఎవరు నేర్చుకున్నారు? చేతిపని నేర్పాలంటే చూపించాలి, చేయించాలి, చేస్తుంటే మళ్లీ చూడాలి. మన జేబులో ఉన్న ఫోను అందుకు చక్కటి సాధనం. దాంతో మనం చేస్తున్నదేమో, కంటి గురించి ఏదో వీడియో కనబడగానే ఫ్యామిలీ గ్రూపులోకి పంపేసి బాధ్యత తీరిందనుకోవడం.

వీడియో పంపడానికి ఒక్క క్షణం చాలు. ఒక మనిషికి ఒక పని వచ్చేదాకా పక్కన ఉండటానికి ఓపిక కావాలి, గమనించే కన్ను కావాలి, ఎదుటివాళ్ల వేగానికి మన వేగాన్ని తగ్గించుకోగలగాలి. ఉద్యోగంలో పైకి రావడానికి తరగతులకు వెళ్లి నేర్చుకునే గుణాలు ఇవే. వీటిని ఇంట్లోనే, అమ్మ కళ్ల దగ్గరే అలవరచుకోవచ్చు.

ముందు మీ చేతులకు నేర్పండి

పేరున్న కంటి ఆసుపత్రి పెట్టిన వీడియోతో మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, మదురైలో 1976లో డాక్టర్ జి.వెంకటస్వామి 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి లాంటి సంస్థల వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకసారి మామూలుగా చూడండి. తర్వాత శబ్దం తగ్గించి చేతుల కదలికను మాత్రమే చూడండి. ఆపైన వీడియోను ఆపుతూ, మూత పెట్టిన సీసాతో మీరే చేసి చూడండి.

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి పైకి చూడాలి. వేలితో కింది రెప్పను కాస్త కిందికి లాగితే లోపల చిన్న గుంట ఏర్పడుతుంది. చుక్క పడాల్సింది ఆ గుంటలో. సీసా మూతి కంటికి గానీ రెప్పకు గానీ తగలకూడదు. ఒక్క చుక్క చాలు. ఆ గుంటలో ఒక చుక్కే పూర్తిగా నిలవదు, రెండోది వేస్తే బయటికి కారడమే. తర్వాత కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. ఇంకో రకం చుక్కలు కూడా వేసుకోవాలంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి.

ఆ నొక్కడం దేనికో తెలిస్తే ఎవరూ మానరు. కంటి మూల నుంచి కన్నీరు ముక్కులోకి దిగే సన్నని దారి ఒకటి ఉంది. దాన్ని మూసి ఉంచకపోతే మందు ముక్కులోకీ గొంతులోకీ జారి రక్తంలో కలుస్తుంది. చుక్క వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగిలిందని పెద్దవాళ్లు అంటుంటారే, కారణం ఇదే. నీటికాసులకు, అంటే గ్లాకోమాకు వాడే టిమొలాల్ లాంటి మందు ఇలా ఒంట్లోకి చేరితే ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువ కావచ్చు, గుండె వేగం తగ్గవచ్చు. ఉబ్బసం ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.

వీడియోలు ఎక్కువగా తప్పటడుగు వేసేది సరిగ్గా ఈ రెండు నిమిషాల దగ్గరే. చూసేవాళ్లకు విసుగొస్తుందని ఆ భాగాన్ని కత్తిరించి, "కాసేపు నొక్కి ఉంచండి" అనే మాటతో దాటేస్తారు. చూసినవాళ్లు ఒకసారి అలా తాకి వదిలేస్తారు. మీరు వీడియో తీస్తే ఆ రెండు నిమిషాలనూ పూర్తిగా ఉంచండి. ఆ సమయంలో అమ్మమ్మ చేత ఒకటి నుంచి నూట ఇరవై దాకా మెల్లగా లెక్కపెట్టించండి. పాడే అలవాటున్న మనిషైతే ఇష్టమైన కీర్తన పాడించండి. చూసేవాళ్లు కూడా తమ కంటి మూలను నొక్కి పట్టుకుని కలిసి పాడతారు. అక్కడే నేర్చుకోవడం జరుగుతుంది.

మీరు వీడియో తీయాలా అని సందేహపడొద్దు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో రికిన్ గాంధీ మొదలుపెట్టిన డిజిటల్ గ్రీన్ ప్రయోగాన్ని చూడండి. రైతులకు సేద్యపు మెలకువలు చెప్పడానికి ఆ ఊరి రైతులనే కెమెరా ముందు నిలబెట్టారు. వీడియో వేయగానే చూసేవాళ్లు మొదట అడిగింది, అందులో ఉన్న రైతు పేరేమిటి, ఏ ఊరు అని. తమలాంటి మనిషి చేసి చూపిస్తే నమ్మకం కుదురుతుంది. తర్వాత ఆ పద్ధతి ఆంధ్రప్రదేశ్ పల్లెలకూ వచ్చింది. కంటి విషయంలోనూ అంతే. తెల్లకోటు వేసుకున్న డాక్టరు మాట ఎంత విలువైనదైనా, శ్రీకాకుళం యాసలో అత్తమ్మ, కరీంనగర్ యాసలో పెద్దవ్వ చేసి చూపిస్తే "ఇది నేనూ చేయగలను" అనిపిస్తుంది. ఒక వీడియోలో ఒక్క పనే చూపండి. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. ఫోను కదలకుండా ఏదైనా ఆధారం మీద పెట్టండి. తీశాక ఆ మందు రాసిన డాక్టరుకో, అక్కడి నర్సుకో చూపించి సరిగ్గా ఉందనిపించుకున్నాకే నలుగురికీ పంపండి. ఈ చివరి మెట్టు దాటవేయడానికి వీల్లేదు.

బొమ్మ కూడా తప్పుదారి పట్టిస్తుంది

కంటి జబ్బుల గురించి చెప్పేటప్పుడు ప్రపంచమంతా వాడే బొమ్మలు కొన్ని ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన వాటిలో ఇద్దరు పిల్లలు బంతులు పట్టుకుని నవ్వుతుంటారు. అదే ఫొటో శుక్లాలున్నవాళ్లకు ఎలా కనబడుతుందో, షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు ఎలా కనబడుతుందో, నీటికాసులున్నవాళ్లకు ఎలా కనబడుతుందో వేర్వేరుగా చూపిస్తారు. శుక్లాల బొమ్మ అంతా మసకగా ఉంటుంది. తాతయ్యకు చూపిస్తే "నాకిలాగే ఉంది" అంటారు, పరీక్షకు బయల్దేరతారు. మంచిదే.

చిక్కల్లా నీటికాసుల బొమ్మతో. చుట్టూ నల్లగా, మధ్యలో గుండ్రంగా మాత్రమే కనబడుతున్నట్టు చూపడం పరిపాటి. లండన్ సిటీ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ క్రాబ్ బృందం 50 మంది రోగులకు రకరకాల బొమ్మలు చూపించి, మీకు ఎలా కనబడుతుందో ఎంచమని అడిగి, ఆ ఫలితాన్ని 2013లో ప్రచురించింది. నల్ల అంచులున్న బొమ్మను ఒక్కరూ ఎంచుకోలేదు. సగానికి పైగా రోగులు అక్కడక్కడా మసకబారిన బొమ్మను చూపారు. కొందరు ఏవో వస్తువులు మాయమైన బొమ్మను చూపారు. పావు వంతు మందికి తమ చూపులో లోపం ఉన్నట్టే తెలియదు. చూపు పోయిన చోట్లను మెదడు ఏదో ఒకదానితో పూడ్చుకుంటుంది కాబట్టి మనిషికి నలుపు కనబడదు.

ఇప్పుడు ఆలోచించండి. నల్ల సొరంగం బొమ్మను గ్రూపులో పెట్టాం. నీటికాసులు ముదురుతున్న పెద్దాయన దాన్ని చూసి, "నాకిలా లేదు కదా" అని నిశ్చింతగా నిద్రపోయాడు. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే వైద్యం. నా మటుకు నేనైతే ఆ బొమ్మను వాడను. వాడక తప్పని చోట దాని పక్కనే, "మొదట్లో మీకు ఏ తేడా తెలియదు. నలభై దాటినా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నా కంటి ఒత్తిడి, కంటి నరం పరీక్ష చేయించుకోండి" అని పెద్ద అక్షరాలతో రాస్తాను. ఏ బొమ్మనైనా పంపేముందు, దీన్ని చూసి ఎవరైనా పరీక్ష మానేసే ప్రమాదం ఉందా అని ఒక్కసారి ఆలోచించండి.

భయపెట్టే ఫొటోలూ అంతే. రక్తం కారుతున్న కళ్లను చూసి జనం ముఖం తిప్పుకుంటారు, ఆసుపత్రి పేరెత్తితేనే వెనకాడతారు. బోధనకు పనికొచ్చే మంచి ఫొటోలు కావాలంటే 1988 నుంచి లండన్‌లో వెలువడుతున్న కమ్యూనిటీ ఐ హెల్త్ జర్నల్ చూడండి. వాళ్ల ఫొటోలను ఆరోగ్య విద్యకు, వ్యాపారం కోసం కాకుండా, తీసినవాళ్ల పేరు పేర్కొంటూ వాడుకోవచ్చు. మీ ఊరి మనిషి కన్నును ఫొటో తీస్తే మాత్రం ముందు అనుమతి అడగండి. ఎవరెవరు చూస్తారో చెప్పండి. వద్దంటే ఫోను లోపల పెట్టేయండి.

బాబాయ్ పంపిన వీడియో వచ్చినప్పుడు

శుక్లాలు చుక్కలతో కరిగిపోతాయని ఒక వీడియో, వ్యాయామం చేస్తే కళ్లజోడే అక్కర్లేదని మరొకటి, ఉల్లిరసం పోయమని ఇంకొకటి వస్తుంటాయి. శుక్లం ముదిరి చూపుకు అడ్డమైతే ఆపరేషన్ ఒక్కటే మార్గం, దాన్ని కరిగించే చుక్కలు లేవు. 2023 వర్షాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కండ్లకలక విపరీతంగా వ్యాపించింది. ఆ కళ్లలోకి చూస్తేనే అంటుకుంటుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది అంటుకునేది చేతుల ద్వారా, తువ్వాలు ద్వారా. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు మరీ ప్రమాదం. డాక్టరు చెప్పకుండా వాడుతూ పోతే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులకు దారితీయవచ్చు.

తప్పు వీడియో వచ్చినప్పుడు గ్రూపులో అందరి ముందూ "ఇది అబద్ధం" అని కొట్టిపారేస్తే బాబాయ్ నొచ్చుకుంటారు, రేపు ఇంకోటి పంపుతారు. విడిగా ఫోన్ చేయండి. "బాబాయ్, మీరు పంపింది చూశాను. పిన్నికి చూపు తగ్గిందా ఏమిటి?" అని అడగండి. చాలాసార్లు ఆ వీడియో వెనక ఆపరేషన్ అంటే భయమో, ఖర్చు గురించిన దిగులో ఉంటుంది. దాని గురించి మాట్లాడండి. అవసరమైతే ఆసుపత్రికి తోడు వెళ్తానని చెప్పండి. ఎదుటి మనిషి పరువు నిలుపుతూ తప్పును సరిదిద్దగలగడం ఈ కాలానికి చాలా అవసరమైన నేర్పు.

సమయం కూడా చూసుకోండి. కళ్లజోడు సంగతి జూన్‌లో బడి తెరిచినప్పుడు చెప్పాలి. టపాసుల జాగ్రత్తలు దీపావళికి వారం ముందు చెప్పాలి. వరికోతలకు ముందు, కంకి గానీ గడ్డిపరక గానీ కంట్లో గుచ్చుకుంటే ఆకుపసరు పోయకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలని చెప్పాలి. ఆ గాయంలో బూజు చేరితే నల్లగుడ్డు మీద పుండు పడి, చివరికి పువ్వు మిగులుతుంది.

సున్నం విషయం మాత్రం అన్ని కాలాల్లోనూ చెప్పాల్సిందే. కిళ్లీలోకి, పొగాకులోకి వాడే చిన్న సున్నం ప్యాకెట్‌ను పిల్లలు ఆడుకుంటూ నొక్కితే చిట్లి నేరుగా కంట్లో పడుతుంది. సున్నం లోలోపలికి కాల్చుకుంటూ పోతుంది. అప్పుడు ఫోను తీసి వీడియో వెతికే వ్యవధి ఉండదు. వెంటనే శుభ్రమైన నీళ్లతో, రెప్పలు తెరిచి పట్టుకుని, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా కడగాలి. ఆసుపత్రికి పరుగు ఆ తర్వాతే. కొళాయి కింద ఎలా కడగాలో ఆటబొమ్మ మీద చేసి చూపే చిన్న వీడియోను ఇంట్లో పిల్లలతో కలిసి తీయండి. తీసిన పిల్లలకు అది జన్మలో మరుపురాదు.

ఫోను కెమెరా ఇంకో మేలు కూడా చేయగలదు. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రం బోధించే బ్రయాన్ షా కొడుకుకు పసితనంలోనే రెటీనాలో క్యాన్సర్ బయటపడింది. ఆయన పాత ఫొటోలు తిరగేస్తే, జబ్బు తెలియడానికి ముందు తీసిన వాటిలోనే కనుపాప తెల్లగా మెరుస్తూ కనిపించింది. ఆ తండ్రి ఇంకే ఇంట్లోనూ అలా జరగకూడదని సహోద్యోగులతో కలిసి అలాంటి మెరుపును ఫొటోల్లో గుర్తించే యాప్ తయారుచేశారు. 2019లో వెలువడిన వాళ్ల పరిశోధనలో, కంటి జబ్బున్న 20 మంది పిల్లల్లో 16 మందికి జబ్బు నిర్ధారణ కాకముందు తీసిన ఇంటి ఫొటోల్లోనే ఆ గుర్తు దొరికింది.

మీ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే ఈ ఆదివారం ఫ్లాష్‌తో తీసిన ఫొటోలు ఒకసారి తిరగేయండి. కళ్లు ఎర్రగా మెరవడం మామూలే. ఒక కనుపాప తెల్లగానో పసుపుగానో మెరుస్తుంటే ఇంకొన్ని ఫొటోలు కూడా చూడండి. ఫ్లాష్ పడే కోణాన్ని బట్టి ఆరోగ్యంగా ఉన్న కన్ను కూడా ఒక్కోసారి అలా మెరుస్తుంది కాబట్టి హడలిపోనక్కర్లేదు. కానీ మీకు మీరే సర్దిచెప్పుకుని ఊరుకోవద్దు, గ్రూపులో పెట్టి అందరి అభిప్రాయాలూ అడుగుతూ వారం గడపొద్దు. ఆ ఫొటో ఫోనులో ఉంచుకుని, బిడ్డను వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.