విత్తమునకు ఐదు భాగములు

వామనచరిత్ర వినని తెలుగువారు అరుదు. మూడడుగుల నేల యాచించిన వటువు సాక్షాత్తు శ్రీమహావిష్ణువని గుర్తించి, శుక్రాచార్యుడు బలిచక్రవర్తిని వారించెను. శ్రీమద్భాగవతము అష్టమస్కంధము 19వ అధ్యాయములోని ఆ హితవులో గృహస్థునకు నిత్యము పనికివచ్చు మాట ఒకటి కలదు. తన విత్తమును ధర్మము, యశస్సు, అర్థము, కామము, స్వజనము అను ఐదింటికి విభజించుకొన్నవాడు ఇహమునను పరమునను సుఖించునని దాని తాత్పర్యము.

దీనిని నేటి సంసారమునకు అన్వయించుకొందము. ధర్మమనగా దానము, దైవకార్యము. యశస్సనగా శుభకార్యములలో నలుగురి నడుమ జరుపు మర్యాద. అర్థమనగా రేపటికై నిలువచేసి వృద్ధిపరచునది. కామమనగా కూడు, గుడ్డ, ఇంటి అద్దె, మన వినోదము. స్వజనమనగా తల్లిదండ్రుల మందులు, బిడ్డల చదువు.

భాగములు సమానముగా ఉండనక్కరలేదు. నెలకు 25,000 రూపాయలు వచ్చు ఇంట కామమునకు 15,000, స్వజనమునకు 4,000, అర్థమునకు 3,000, ధర్మమునకు 1,500, యశస్సునకు 1,500 అని ఏర్పరచుకొనవచ్చును. ఇది ఉదాహరణము మాత్రమే. ఎవరి కుటుంబమునకు తగినట్లు వారు నిర్ణయించుకొనవలెను.

అప్పు ఉన్నవారు ముందుగా వాయిదా సొమ్మును వేరుచేసి, మిగిలినదానినే విభజింపవలెను. పరుల సొమ్ము మన విత్తము కాదు. అప్పు తెచ్చి హుండీలో వేయుట భక్తి అనిపించుకొనదు.

తరచుగా హద్దు మీరునది యశోభాగము. బంధువుల మెప్పుకై నేనును ఒకప్పుడు కుమారుని ఉపనయనమునకు అప్పు చేసితిని. భోజనముల రుచిని వారు మరునాటికే మరచిరి. వడ్డీని నేను ఏడేండ్లు కట్టితిని.

ఇక్కడ ఒక సందేహము కలుగును. బలి ఆ హితవును త్రోసిపుచ్చెను గదా! పైగా సుతలమున ఆతని వాకిట భగవానుడే కాపుండెను. అట్లయిన శుక్రుని మాట మనకెట్లు ప్రమాణము? విభాగము తప్పు కాదు. ఇచ్చిన మాటను తప్పించుటకు దానిని వినియోగించుటయే తప్పు. లెక్క మాటకు ముందు చూచుకొనవలసినది. మాట ఇచ్చిన పిదప నిలుచుటయే ధర్మము. కనుక శుక్రుని వలన లెక్కను, బలి వలన నిలకడను నేర్చుకొందము.

జీతము వచ్చిన దినమున దీపము వెలిగించి, దంపతులిరువురు కూర్చుండి ఐదు పద్దులు వ్రాయవలెను. అదియే సంకల్పము. సంకల్పము చెప్పి పూజను నడుమ విడువము గదా! ఒక భాగము చాలనిచో ఏ భాగమునుండి తీసినదియు వ్రాసి ఉంచవలెను. నెలాఖరున ఇరువురు చూచుకొని, మరుసటి నెలకు భాగములను సవరించుకొనవచ్చును. లెక్కను మాత్రము ఒకరినుండి ఒకరు దాచరాదు.

శుభం భూయాత్.