తట్టుకునే రకానికే తెగులు వస్తే

వ్యవసాయ విస్తరణ ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి ఏదో ఒక ఖరీఫ్‌లో ఈ మాట తప్పదు: “తెగులును తట్టుకుంటుందన్నారు కద సార్, చూడండి, ఆకులన్నీ ఎండిపోతున్నాయి.” విత్తనం నకిలీదని వెంటనే అనేయకండి. ముందు వరి మడిలోకి దిగండి.

ఆకు కొన నుంచి అంచుల వెంట పసుపు చార వంకరటింకరగా కిందికి దిగుతోందా? ఆ ఆకును కోసి, కోసిన చివరను గాజు గ్లాసులోని తేట నీటిలో ముంచండి. కాసేపట్లో అక్కడి నుంచి పాలలాంటి ధార కారితే అది బాక్టీరియా ఎండాకు తెగులు. శిలీంధ్రనాశకాలు దీనిమీద పనిచేయవు. రైతుకు ఆ ఖర్చు తప్పించండి.

అసలు కష్టం ఆ తర్వాత, కారణం చెప్పడంలో ఉంది. మొక్కలోని నిరోధక జన్యువు బాక్టీరియాను ఏదో ఒక ఆనవాలు పట్టి గుర్తిస్తుంది. ఆ ఆనవాలు మారిన బాక్టీరియా ఎక్కడో కొద్దిగా ఉంటుంది. ఊరంతా ఏళ్ల తరబడి ఒకే రకం వేస్తే తిండి దానికే దొరుకుతుంది, అదే పెరుగుతుంది. 1970లలో ఫిలిప్పీన్స్‌లో ఎక్స్‌ఏ4 అనే ఒక్క జన్యువును నమ్ముకున్న వరి రకాలకు ఇదే జరిగింది.

మన సాంబ మసూరి (బీపీటీ 5204) బాపట్లలో పుట్టింది. రుచికి తిరుగులేదు గానీ ఈ తెగులుకు లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు కలిసి అందులోకి మూడు జన్యువులు తెచ్చారు. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. మూడింటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరిది, అది బాక్టీరియాను కణం అంచునే పసిగడుతుంది. ఎక్స్‌ఏ13 తీరు వేరు: మొక్కలో చక్కెర బయటికి వచ్చే దారిని బాక్టీరియా తెరవలేకుండా చేస్తుంది. మూడు అడ్డంకులనూ ఒకేసారి దాటడం బాక్టీరియాకు చాలా కష్టం. “కష్టం” అనే చెప్పండి, “రానే రాదు” అని ఎన్నడూ మాట ఇవ్వకండి.

తెగులు కనిపిస్తే యూరియా ఆపించండి. ఆ మడి నీరు పక్క మడిలోకి పోకుండా గండి మూయించండి. వచ్చే పంటకు ఊళ్లో రకాలు మార్చి వేయమనండి.

తట్టుకునే రకంలో తెగులు నిర్ధారణ అయితే ఆకులను పాలిథిన్‌లో కాక కాగితంలో చుట్టి, రకం పేరు, ఊరు, నాటిన తేదీ రాసి దగ్గరి పరిశోధన కేంద్రానికి ఆ వారమే పంపండి.